పది మీటర్ల పీసీపీ ఎయిర్ రైఫిల్‌లో రెగ్యులేటర్‌నూ హ్యామర్‌నూ సరిచేసుకునే పద్ధతి

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మి.మీ. మాత్రమే. ఒక వలయానికీ తర్వాతి వలయానికీ మధ్య దూరం 2.5 మి.మీ. కాబట్టి దశాంశ స్కోరింగ్‌లో ప్రతి 0.1 పాయింటుకూ దక్కే జాగా 0.25 మి.మీ. సెకనుకు 170 మీటర్ల వేగంతో బయలుదేరిన పెల్లెట్ (ఎయిర్ రైఫిల్ కాల్చే చిన్న గుండు) పది మీటర్ల దూరాన్ని సుమారు 0.06 సెకనులో దాటుతుంది, ఆ కాస్త సమయంలోనే భూమ్యాకర్షణ వల్ల దాదాపు 17 మి.మీ. కిందికి దిగుతుంది. వేగం 165 మీటర్లకు తగ్గితే దిగుదల 18 మి.మీ. అవుతుంది. అంటే సెకనుకు 5 మీటర్ల తేడా టార్గెట్ మీద నిలువుగా ఒక మిల్లీమీటరు, స్కోరులో 0.4 పాయింట్లు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 701.1 పాయింట్లతో కాంస్యం గెలిచినప్పుడు స్వర్ణానికి పలికిన స్కోరు 702.1. ఒక్క పాయింటులో మూడు పతకాలు ఇమిడిపోయే ఈ ఆటలో రైఫిల్ వల్ల పోయే 0.4ను చిన్న విషయమని వదిలేయలేము.

ఈ లెక్క నుంచే ట్యూనింగ్ (రైఫిల్‌ను సరిచేసుకోవడం) ఉద్దేశం స్పష్టమవుతుంది. మనకు కావలసింది ఎక్కువ వేగం కాదు, ప్రతి షాట్‌కూ ఒకే వేగం. పీసీపీ రైఫిల్ (సిలిండర్‌లో ముందే నింపిన అధిక పీడన గాలితో కాల్చేది) కొన్న కొత్తలో చాలామంది స్క్రూ తిప్పి వేగం ఎంత పెరిగిందో చూసి సంతోషిస్తారు. పది మీటర్ల రైఫిల్ విషయంలో అది పనికిరాని సంతోషం. 0.53 గ్రాముల మ్యాచ్ పెల్లెట్ సెకనుకు 165 నుంచి 180 మీటర్ల మధ్య ఏ వేగంతో వెళ్లినా కాగితానికి చక్కటి రంధ్రమే చేస్తుంది. ఆ వేగం మొదటి షాట్‌కూ అరవయ్యో షాట్‌కూ ఒకటిగా ఉందా అన్నదే అసలు ప్రశ్న.

పనికి ముందు

వాయువు నిండిన రైఫిల్ మీద స్క్రూడ్రైవర్ పెట్టకూడదు. సిలిండర్‌ను విప్పి తీసేసినా, గాలి పీడనాన్ని తగ్గించి నిలకడగా ఉంచే రెగ్యులేటర్‌కూ షాట్‌కు గాలిని వదిలే వాల్వ్‌కూ మధ్య ఉన్న గదిలో ఒకటి రెండు షాట్లకు సరిపడా గాలి మిగిలి ఉంటుందనీ, ఆ గాలితో పెల్లెట్ బయటికి వెళ్లగలదనీ గుర్తుంచుకోవాలి. పెల్లెట్ పెట్టకుండా, బ్యారెల్‌ను సురక్షితమైన వైపుకు తిప్పి, శబ్దం పూర్తిగా ఆగిపోయేవరకూ ట్రిగ్గర్ నొక్కి ఖాళీ చేయాలి. ఆ తర్వాతే బ్యారెల్ ఖాళీగా ఉందని చూపే సేఫ్టీ ఫ్లాగ్ పెట్టి పని మొదలుపెట్టాలి. సిలిండర్‌లో స్కూబా షాపు గాలో, కంప్రెసర్ గాలో మాత్రమే నింపాలి, ఆక్సిజన్ సిలిండర్‌కు ఎట్టి పరిస్థితుల్లోనూ తగిలించకూడదు. అధిక పీడనంలో ఆక్సిజన్ తగిలితే గ్రీజు మరక కూడా మండి పేలుడుకు దారితీస్తుంది. ఇదే కారణంతో, గాలి జారకుండా ఆపే రబ్బరు వలయాలైన ఓ-రింగ్‌లకు సిలికాన్ గ్రీజు తప్ప బండి ఆయిలు, కుట్టుమిషన్ ఆయిలు వాడకూడదు.

సిలిండర్ మీద ముద్రించిన తయారీ తేదీని కూడా ఒకసారి చూడండి. మ్యాచ్ రైఫిల్ సిలిండర్లకు సాధారణంగా పదేళ్ల గడువు ఉంటుంది, గడువు దాటిన సిలిండర్‌ను మార్చుకునే బాధ్యత షూటర్‌దే. నిండిన సిలిండర్‌ను ఎండలో ఆపిన కారులో వదిలేయడం మన దగ్గర తరచుగా జరిగే తప్పు. 27 డిగ్రీల దగ్గర 200 బార్ (బార్ అంటే పీడనాన్ని కొలిచే ప్రమాణం) ఉన్న గాలి 60 డిగ్రీలకు చేరితే సుమారు 222 బార్ అవుతుంది. మే నెలలో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అద్దాలు బిగించిన కారు లోపల ఆ వేడి రావడానికి ఎంతోసేపు పట్టదు.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మన దేశంలో 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మి.మీ. క్యాలిబర్‌కూ 20 జౌల్స్ శక్తికీ మించని ఎయిర్ రైఫిల్‌కే లైసెన్స్ మినహాయింపు ఉంది. 0.53 గ్రాముల పెల్లెట్ సెకనుకు 172 మీటర్ల వేగంతో వెళ్తే శక్తి 8 జౌల్స్ కన్నా కొంచెం తక్కువ. కాబట్టి మ్యాచ్ రైఫిల్‌ను మ్యాచ్ వేగంలోనే ఉంచినంతకాలం ఇబ్బంది లేదు. జర్మనీలో ఉంటున్న తెలుగువారికి హద్దు ఇంకా దగ్గరగా ఉంటుంది. అక్కడ సాధారణంగా అమ్మే రైఫిళ్లకు 7.5 జౌల్స్ పరిమితి ఉండడం వల్ల, ఇదే పెల్లెట్‌కు సెకనుకు 168 మీటర్లే గరిష్ఠ వేగం. వేగం పెంచే ముందు మీరున్న చోటి హద్దు తెలుసుకోవడం షూటర్‌గా మీ బాధ్యత.

లోపల ఏం జరుగుతుంది

సిలిండర్‌లో 200 బార్ పీడనంతో ఉన్న గాలి షాట్లు పడేకొద్దీ తగ్గుతూ వస్తుంది. రెగ్యులేటర్ లేకపోతే వేగం కూడా దానితోపాటే మారుతుంది. పీడనం మరీ ఎక్కువగా ఉన్నప్పుడు వాల్వ్ గట్టిగా మూసుకుని ఉండడంతో హ్యామర్ (ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగ్ బలంతో వాల్వ్‌ను కొట్టి తెరిచే భాగం) దెబ్బకు సరిగా తెరుచుకోక వేగం తక్కువగా ఉంటుంది, పీడనం తగ్గేకొద్దీ వేగం పెరిగి, ఒక శిఖరానికి చేరి, తర్వాత పడిపోతుంది. ఈ గోపురం ఆకారాన్ని చదును చేయడానికే రెగ్యులేటర్.

రెగ్యులేటర్ నిర్మాణం చూడడానికి సంక్లిష్టంగా కనిపించినా సూత్రం సులభమే. రెండు చివర్లా వేర్వేరు వ్యాసాల ఓ-రింగ్‌లు ఉన్న ఒక చిన్న పిస్టన్, దాన్ని వెనక్కి నెట్టే గిన్నె ఆకారపు స్ప్రింగ్ వాషర్ల వరుస, పిస్టన్ కొన వచ్చి ఆనే ఒక సీటు, ఇవే ముఖ్య భాగాలు. వాల్వ్ వైపు గదిలో పీడనం పెరిగినప్పుడు పిస్టన్ వాషర్లను నొక్కుకుంటూ వెళ్లి సీటును మూసేస్తుంది. షాట్ పడి పీడనం తగ్గగానే వాషర్లు పిస్టన్‌ను వెనక్కి నెట్టి సీటును తెరుస్తాయి. వాషర్లు ఉన్న భాగంలో మామూలు వాతావరణ పీడనమే ఉండాలి, అందుకోసం రెగ్యులేటర్ గోడకు సన్నని రంధ్రం ఒకటి ఉంటుంది. ఆ రంధ్రం నుంచి బుస్సుమని గాలి వస్తుంటే ఓ-రింగ్ ఒకటి పాడైందని అర్థం. ఆ స్థితిలో వాల్వ్ వైపు పీడనం నమ్మదగ్గది కాదు కాబట్టి, ఓ-రింగ్ మార్చేవరకూ ట్యూనింగ్ చేయడం వృథా ప్రయాస.

ముందుగా కొలత

క్రోనోగ్రాఫ్ (పెల్లెట్ వేగాన్ని కొలిచే పరికరం) లేకుండా రెగ్యులేటర్ విప్పడం మంచిది కాదు. ఈ ఒక్క మాట మీద నేను గట్టిగా నిలబడతాను. టార్గెట్ మీద నిలువుగా సాగిన గ్రూప్ (షాట్ల రంధ్రాల గుంపు) చూసి రెగ్యులేటర్ చెడిపోయిందని అనుకునేవారిలో చాలామందికి అసలు సమస్య ఊపిరిలోనో, చెంప ఆనించే తీరులోనో, పెల్లెట్‌లోనో ఉంటుంది.

బ్యారెల్ మూతికి సుమారు ఒక మీటరు దూరంలో క్రోనోగ్రాఫ్‌ను పెల్లెట్ దారికి సూటిగా అమర్చండి. ట్యూబ్‌లైటు మినుకుమినుకుమనే వెలుతురు కొన్ని ఆప్టికల్ క్రోనోగ్రాఫ్‌లను తప్పుదారి పట్టిస్తుంది కాబట్టి రేంజ్ లోపల కొలిచేటప్పుడు సొంత ఇన్‌ఫ్రారెడ్ లైట్లు ఉన్న పరికరం మేలు. పెల్లెట్లు ఒకే డబ్బాలోవి, ఒకే బ్యాచ్‌వి కావాలి. మొదటి ఐదు షాట్లను లెక్కలోకి తీసుకోకుండా, తర్వాతి పది షాట్లను రాసుకుని సగటునూ, గరిష్ఠానికీ కనిష్ఠానికీ మధ్య తేడానూ లెక్కగట్టండి. మంచి మ్యాచ్ రైఫిల్‌లో పది షాట్లకు ఆ తేడా సెకనుకు 3 మీటర్ల లోపు ఉంటే నేను దాన్ని ముట్టుకోను.

షాట్‌కూ షాట్‌కూ మధ్య విరామం చాలామంది పట్టించుకోని విషయం. మ్యాచ్‌లో 60 షాట్లకు 75 నిమిషాలు ఇస్తారు, అంటే సగటున షాట్‌కు 75 సెకన్లు. క్రోనోగ్రాఫ్ ముందు కూర్చుని పది సెకన్లకొకటి చొప్పున కాలిస్తే వచ్చే అంకెలు మీ మ్యాచ్‌కు సంబంధించినవి కావు. అందుకే ఒక వరుసను మ్యాచ్ లయలోనే కాల్చాలి. ఆ తర్వాత పది నిమిషాలు రైఫిల్‌ను కదపకుండా ఉంచి ఒక్క షాట్, మళ్లీ పది నిమిషాల తర్వాత మరొకటి, ఇలా మూడుసార్లు కొలవండి. విరామం తర్వాతి షాట్ ప్రతిసారీ ఒకే దిశలో సెకనుకు 4, 5 మీటర్లు తేడాగా వస్తుంటే రెగ్యులేటర్ సీటు పూర్తిగా మూసుకోవడం లేదని, గాలి సన్నగా జారుతూ వాల్వ్ వైపు పీడనం పెంచుతోందని అర్థం. దీన్నే షూటర్లు క్రీప్ అంటారు. పీడనం పెరిగితే వేగం పెరగాలని అనిపించవచ్చు, కానీ హ్యామర్ బలహీనంగా ఉంటే వాల్వ్ తెరుచుకోక వేగం తగ్గవచ్చు కూడా. కాబట్టి పెరిగిందా తగ్గిందా అన్నదానికన్నా ప్రతిసారీ ఒకే వైపు తప్పుతోందా అన్నదే చూడాలి.

హ్యామర్‌నూ రెగ్యులేటర్‌నూ జతకూర్చడం

ట్యూనింగ్‌లో సారమంతా ఇక్కడే ఉంది. వేగాన్ని నిర్ణయించేవి రెండు: రెగ్యులేటర్ ఇచ్చే పీడనం, హ్యామర్ వాల్వ్‌ను కొట్టే బలం. పీడనాన్ని స్థిరంగా ఉంచి హ్యామర్ స్ప్రింగ్‌ను బిగిస్తూ పోతే వేగం మొదట వడివడిగా పెరుగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది, ఒక దశలో పూర్తిగా ఆగిపోతుంది. అక్కడి నుంచి ఎంత బిగించినా వేగం పెరగకపోగా ఒకటి రెండు మీటర్లు తగ్గవచ్చు కూడా, ఎందుకంటే పెల్లెట్ బ్యారెల్ దాటిపోయాక కూడా వాల్వ్ తెరిచే ఉండి గాలి వృథాగా పోతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. స్ప్రింగ్ పూర్తిగా వదులుగా ఉన్నప్పుడు వేగం 158, అర చుట్టు బిగిస్తే 164, ఒక చుట్టుకు 169, ఒకటిన్నరకు 173, రెండుకు 176, రెండున్నరకు 177, మూడుకు మళ్లీ 177, మూడున్నరకు 176 వచ్చాయనుకోండి. ఈ రైఫిల్ ఆ పీడనంలో ఇవ్వగలిగిన గరిష్ఠ వేగం 177. ఇందులో సుమారు 97 శాతం, అంటే 172 దగ్గర హ్యామర్‌ను నిలపడం ఉత్తమం. అది ఒకటింబావుకూ ఒకటిన్నర చుట్లకూ మధ్య వస్తుంది. ఈ అంకెలను గ్రాఫ్‌గా గీస్తే ఆ బిందువు దగ్గర రేఖ వంగడం మొదలై ఉంటుంది కాబట్టి, హ్యామర్ దెబ్బలో స్వల్ప తేడా వచ్చినా వేగం పెద్దగా మారదు. రెగ్యులేటర్ పీడనం ఒక బార్ అటూ ఇటూ అయినప్పుడు కూడా వేగం అంతగా చలించదు. పీడనం పెరిగితే షాట్‌కు బలం పెరగాలి గానీ, అదే పీడనం వాల్వ్‌ను మరింత గట్టిగా మూసి ఉంచి, తెరుచుకునే సమయాన్ని తగ్గిస్తుంది. ఈ రెండు ప్రభావాలూ ఒకదాన్నొకటి సరిచేసుకునే చోటు అదే.

ఇప్పుడు అదే రైఫిల్‌లో గరిష్ఠ వేగం 195 వచ్చిందనీ, మీకు కావలసింది 172 మాత్రమేననీ అనుకోండి. హ్యామర్‌ను వదులు చేసి 172కు దించవచ్చు. చాలామంది అదే చేసి వదిలేస్తారు. కానీ అప్పుడు రైఫిల్ రేఖలో నిటారుగా ఎక్కే భాగంలో నిలుస్తుంది, ప్రతి చిన్న మార్పూ వేగంలో కనిపిస్తుంది. అక్కడ సరిచేయవలసింది రెగ్యులేటర్. దాని పీడనాన్ని తగ్గించి గరిష్ఠ వేగాన్ని 177 దగ్గరికి తెచ్చి, తర్వాత హ్యామర్‌ను 97 శాతం దగ్గర నిలపాలి. గరిష్ఠ వేగమే 168 దాటకపోతే పీడనాన్ని పెంచాలి. ఏది ముందన్న అయోమయం అక్కర్లేదు. మొదట రెగ్యులేటర్, తర్వాత హ్యామర్, రెండూ ఒకే పూట మార్చకూడదు. నేను ఒకసారి తొందరపడి రెండూ ఒకే సాయంత్రం తిప్పేసి, ఏ మార్పు ఏ ఫలితం ఇచ్చిందో తెలియక, మళ్లీ మొదటి స్థితికి రావడానికి వారం రోజులు పోగొట్టుకున్నాను.

రెగ్యులేటర్ స్క్రూను తిప్పేటప్పుడు వ్యవస్థలో గాలి లేకుండా చూసుకోవాలి, లేకపోతే పిస్టన్ కొన సీటు మీద రాపిడికి గురై గీత పడుతుంది. ఒకసారికి చుట్టులో ఎనిమిదో వంతుకు మించి తిప్పకండి. ప్రతి మార్పు తర్వాత గాలి నింపి, వాషర్లు కుదురుకోవడానికి కనీసం ఇరవై షాట్లు కాల్చి, ఆ తర్వాతే కొలవండి. కొన్ని మ్యాచ్ రైఫిళ్లలో రెగ్యులేటర్ ఫ్యాక్టరీలోనే సీలు వేసి ఉంటుంది, షూటర్‌కు వేగం స్క్రూ ఒక్కటే అందుబాటులో ఉంటుంది. అలాంటి రైఫిల్‌లో సీలు తీయకుండా సర్వీసుకు పంపడమే నా సలహా.

రెగ్యులేటర్ విప్పవలసి వస్తే

క్రీప్ ఉందని కొలతలో తేలినప్పుడే విప్పాలి. వాషర్లు ఏ వరుసలో, ఏ ముఖం ఎటువైపు ఉన్నాయో విప్పుతున్నప్పుడే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఒక్క వాషర్ తిరగబడినా రెగ్యులేటర్ పీడనం పూర్తిగా మారిపోతుంది. పిస్టన్ కొనను భూతద్దంలో చూడండి. సీటు ఆనిన చోట సన్నని గుండ్రటి ముద్ర ఉండడం సహజమే, ఆ ముద్రను అడ్డంగా కోసే గీత గానీ, అందులో ఇరుక్కున్న లోహపు రజను గానీ కనిపిస్తే క్రీప్‌కు కారణం అదే. దూది నూలు వదలని గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి తుడవాలి. ఓ-రింగ్‌లను అదే కొలతలో, అదే గట్టిదనం ఉన్నవాటితో మార్చి, సిలికాన్ గ్రీజు పొరను మెరుపు కనిపించేంత పలుచగా పూయాలి. గ్రీజు ఎక్కువైతే అది సీటు మీదికి పాకి దుమ్మును పట్టుకుంటుంది.

రజనుకు తోడు రెగ్యులేటర్‌ను పాడుచేసేది తేమ. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో హ్యాండ్ పంపుతో గాలి నింపుకునేవారు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. గాలిని నొక్కినప్పుడు అందులోని నీటి ఆవిరి ద్రవంగా మారి సిలిండర్‌లోకి చేరుతుంది. పంపుకు తేమ పీల్చే ఫిల్టర్ బిగించి, అందులోని సిలికా జెల్ రంగు మారగానే మార్చుకోవాలి. నింపడం కూడా నెమ్మదిగా జరగాలి. వేగంగా నింపితే గాలి వేడెక్కి గేజ్ 200 చూపిస్తుంది, చల్లారాక అదే గేజ్ 185 దగ్గర నిలుస్తుంది.

సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లలో తేడా

స్వీడన్‌లోని ఎఫ్‌ఎక్స్ సంస్థ చేసిన మాన్‌సూన్ రైఫిల్ గానీ, స్టైర్ సంస్థ ఐదు షాట్ల ఎల్‌పీ50 పిస్టల్ గానీ షాట్ కోసం వాడే గాలితోనే తర్వాతి షాట్‌కు కూడా సిద్ధమవుతాయి. మాన్‌సూన్‌లో షాట్ గాలిలో కొంత భాగం వెనక్కి మళ్లి, పెల్లెట్‌ను బ్యారెల్‌లోకి తోసే బోల్టునూ హ్యామర్‌నూ వెనక్కి నెడుతుంది. దీనివల్ల పైన చెప్పిన పద్ధతికి రెండు షరతులు తోడవుతాయి.

మొదటిది, వేగాన్ని ఇష్టమొచ్చినంత తగ్గించలేము. పీడనం గానీ హ్యామర్ బలం గానీ ఒక హద్దు దాటి తగ్గితే బోల్టు పూర్తిగా వెనక్కి రాదు. మ్యాగజైన్ సగం తిరిగి ఆగిపోతుంది, లేదా పెల్లెట్ వంకరగా దూరి అంచు నలిగిపోతుంది. అందుకే ఇక్కడ ముందు తేల్చుకోవలసింది గరిష్ఠ వేగం కాదు, పది షాట్లకు పదీ తడబాటు లేకుండా తిరిగే కనిష్ఠ పీడనం. దాని మీద కొంత వెసులుబాటు ఉంచుకుని, ఆ పైనుంచి 97 శాతం పద్ధతిని మొదలుపెట్టాలి. సైక్లింగ్ (షాట్ తర్వాత బోల్టు వెనక్కి వెళ్లి తిరిగి రావడం) తడబడినప్పుడు స్ప్రింగ్‌ను బిగించాలని తోస్తుంది గానీ, బలమైన స్ప్రింగ్‌ను వెనక్కి నెట్టడానికి ఇంకా ఎక్కువ గాలి కావాలి కాబట్టి ఆ పని సమస్యను పెంచవచ్చు.

రెండోది, రెగ్యులేటర్ కోలుకునే సమయం. మ్యాచ్ లయలో 75 సెకన్ల విరామం దొరికే రెగ్యులేటర్‌కు సెకనుకొక షాట్ పడితే వాల్వ్ వైపు గదిని పూర్తిగా నింపే తీరిక ఉండదు. ఐదు షాట్లను వేగంగా కాల్చి కొలిస్తే రెండో షాట్ నుంచి వేగం మెట్లు మెట్లుగా దిగడం కనిపిస్తుంది. ఇది రెగ్యులేటర్ చెడిపోవడం కాదు. మీరు రైఫిల్‌ను ఏ లయలో వాడతారో ఆ లయలోనే ట్యూన్ చేయాలి. అలా దిగే వరుసలో తేడా మరీ ఎక్కువగా ఉంటే రెగ్యులేటర్ తర్వాతి గది పరిమాణం చాలడం లేదని గుర్తించాలి, అది స్క్రూతో సరయ్యేది కాదు.

పెల్లెట్, చివరి పరీక్ష

వేగం కుదిరాకే పెల్లెట్ ఎంపిక. రైఫిల్‌ను బిగింపులో పెట్టి, 4.49, 4.50, 4.51 మి.మీ. తల కొలతల పెల్లెట్లను ఒక్కో రకానికి పది షాట్ల చొప్పున పది మీటర్లలో కాల్చి గ్రూప్‌లు పోల్చుకోవాలి. ఒక బ్యాచ్ బాగా కుదిరితే డబ్బా మీది బ్యాచ్ సంఖ్య రాసుకుని, సీజన్ మొత్తానికి సరిపడా కొనిపెట్టుకోవడం మంచిది. అదే బ్రాండ్‌లో తర్వాతి బ్యాచ్ అలాగే పలుకుతుందన్న హామీ లేదు.

ఇక మిగిలింది పూర్తి సిలిండర్ పరీక్ష. 200 బార్ దగ్గర మొదలుపెట్టి, ప్రతి పది షాట్లకొకసారి గేజ్‌నూ వేగాన్నీ రాసుకుంటూ, వేగం తప్పేవరకూ కాల్చండి. సిలిండర్ పీడనం రెగ్యులేటర్ పీడనం కన్నా దిగువకు వచ్చినప్పుడు వేగం ముందు స్వల్పంగా పైకి లేచి తర్వాత జారవచ్చు. ఆ లేవడమే తొలి హెచ్చరిక, దాన్ని చూసి రైఫిల్ బాగుపడిందని అనుకోకండి. వేగం మారడం 75 బార్ దగ్గర మొదలైతే 90 బార్‌కే నింపుకోవాలని నిర్ణయించుకుని, ఆ అంకెను చిన్న కాగితం మీద రాసి రైఫిల్ పెట్టె మూతకు లోపలివైపు అతికించండి. స్క్రూ స్థానం మీద సన్నగా నెయిల్ పాలిష్ గీత గీస్తే, అది ఎప్పుడైనా దానంతటదే జరిగినా కంటికి తెలిసిపోతుంది. తేదీ, గది ఉష్ణోగ్రత, పెల్లెట్ బ్యాచ్, పది షాట్ల సగటు, గరిష్ఠ కనిష్ఠాల తేడా, స్క్రూ స్థానం, ఈ ఆరింటినీ నోటు పుస్తకంలో ఒక్కో వరుసలో రాసి, మూడు నెలలకొకసారి అదే పెల్లెట్‌తో, అదే లయలో మళ్లీ కొలిచి పక్కన చేర్చండి.